సరుగుడు తోటలో నేను పెట్టిన రాళ్లు

ఒక మాట నా లోపల ఏళ్లుగా ఉండిపోయింది. చెబితే ఒక్క వాక్యం. చెప్పలేదు కాబట్టి అది అన్నం తినేటప్పుడు అడ్డం వస్తుంది, పెళ్లి పందిట్లో కెమెరా భుజానికెత్తుకున్నప్పుడు అడ్డం వస్తుంది, చిన్నమ్మ ఫోన్ చేసి తిన్నవా అని అడిగినప్పుడు మరీ అడ్డం వస్తుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గరైతే నోరు పెగులుతుందేమోనని చూస్తున్నాను. పేరు మాత్రం అడగకండి.

మాది అచ్చంపేట వైపు. పెళ్లిళ్లకు వీడియోలు తీయడం నా పని. ఈ పని గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. మా పనిలో జరిగినదాన్ని మళ్లీ జరిపించడం మామూలు. సరిగ్గా తాళి కట్టే క్షణంలోనే ఎవరో ఒక మేనమామ వచ్చి కెమెరాకు అడ్డంగా నిలబడతాడు. అప్పుడు పెళ్లికొడుకును బతిమాలి, ముడులు పడిపోయిన తాళినే మరోసారి పట్టించి, పైన నాలుగు అక్షింతలు వేయించి తీసుకుంటాం. అప్పగింతల ఏడుపు అయిపోయాక వెలుతురు చాలలేదని తెలిస్తే, అమ్మ భుజం మీద ఇంకోసారి తల పెట్టమని పెళ్లికూతుర్ని అడుగుతాం. విచిత్రం ఏమిటంటే, పెట్టగానే ఆ పిల్లకు నిజంగానే మళ్లీ ఏడుపొస్తుంది. మొదటి ఏడుపు కన్నా రెండోదే బాగుంటుంది చాలాసార్లు. ఎవరూ దాన్ని మోసం అనరు. నేనూ అనుకోలేదు. అదే చేసీ చేసీ, జరిగినదానికీ జరిపించినదానికీ మధ్య తేడా నా కంటికి ఆనడం మానేసింది. ఇది సాకా? కావచ్చు. రాస్తున్నప్పుడే అనుమానం వస్తోంది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన గొర్రెలు కాసేవాడు. ఎండలు ముదిరితే మా దిక్కున మేత ఉండదు. మగవాళ్లు మందలు తోలుకుని కృష్ణ దాటి, వరి కోసిన కోస్తా పొలాల్లో మేపుకుంటూ సముద్రం దాకా నడిచేవాళ్లు. వానలు పడ్డాక తిరిగొచ్చేవాళ్లు. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు చిన్నాయన తిరిగి రాలేదు. జోడుగా వెళ్లిన మల్లయ్య రెండు మందలనూ ఒక్కడే తోలుకొచ్చాడు. భుజం మీద తన ఉన్ని గొంగడితో పాటు చిన్నాయన గొంగడి కూడా ఉంది. దూరం నుంచి ఆ రెండో గొంగడి చూసే చిన్నమ్మ కూలబడిందని అమ్మ చెప్పేది.

సముద్రం దగ్గర జ్వరమొచ్చి పోయాడట. ఫోన్లు లేని రోజులు. ఎండకు శవం ఆగదు, మోసుకురావడానికి మనుషుల్లేరు. అక్కడే ఒక తోటలో మట్టిచేసి, గుర్తుకు మూడు రాళ్లు పెట్టి, కర్ర పాతి వచ్చానన్నాడు మల్లయ్య. అంతవరకు అందరికీ అర్థమైంది. గొంగడి సంగతే అర్థం కాలేదు. మా ఇళ్లలో గొర్లు కాసినవాడిని మట్టిలో పెట్టేటప్పుడు అతని గొంగడి అతనికే కప్పుతారు. ఆ ఒక్కటి తప్పితే ఎంత చేసినా చేసినట్టు కాదు. మల్లయ్యకు తెలియక కాదు. ఉత్త చేతులతో వస్తే, జోడును చంపి గొర్లు తెచ్చుకున్నాడని ఊరు అంటుందని భయపడ్డాడు. సాక్ష్యానికి గొంగడి తెచ్చాడు. ఊరు నమ్మింది. చిన్నాయన మాత్రం పైన గొంగడి లేకుండా మట్టిలో ఉండిపోయాడు.

చిన్నమ్మ మల్లయ్యను ఒక్క మాట అనలేదు. గొంగడిని వేపాకు వేసి పెట్టెలో పెట్టింది. ఏటా ఎండకు వేసి, దులిపి, మళ్లీ పెట్టేది. మనిషి ఉత్తగ మన్నుల పండుకున్నడు అనేది, అంతే. చలికాలంలో తనూ ఏమీ కప్పుకునేది కాదు. చిన్నప్పుడు ఆమె ఇంట్లో పడుకున్నప్పుడు చూశాను, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, కొంగు కూడా లాక్కోకుండా ఉండేది. ఎందుకలా అని అడిగితే అమ్మ నా తొడ గిల్లింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, ముహూర్తాలు లేక కెమెరా ఖాళీగా ఉన్న ఒక మూఢంలో, చిన్నమ్మ మీద చిన్న సినిమా తీద్దామని బుద్ధి పుట్టింది. ఎందుకు పుట్టిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆమె మీద ప్రేమా? పెళ్లిళ్లు తీసీ తీసీ విసుగా? నిజం చెబితే ఎక్కువ భాగం కుతూహలం. పెట్టెలోంచి ఆమె గొంగడి తీసేటప్పుడు ఆ మొహం దగ్గరి నుంచి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చూశాను. తీశాను. ఆమె గొర్రెలు కాయడం, వంట చేసుకోవడం, ఆ వలసల గురించి చెప్పడం, అన్నీ తీశాను. ఇక ఒక్కటే మిగిలింది, ఆ చోటు.

మల్లయ్యకు అప్పటికి చూపు పోయింది. మంచం మీద కూర్చుని గుర్తులు చెప్పాడు. సముద్రం చప్పుడు వినపడేంత దూరం, సరుగుడు తోట, పక్కన కాలువ, కాలువ మీద చిన్న తూము. ఆ ఊరి పేరు చెప్పాడు. చిన్న ఊరే. వెళ్లాను. కాలువ దొరికింది, తూమూ దొరికింది. తోట లేదు. కంటికి ఆనినంత మేర రొయ్యల చెరువులు. నీళ్లను చిలికే యంత్రాలు గిరగిర తిరుగుతున్నాయి. కాపలావాడిని అడిగితే, ఇదంతా ఒకప్పుడు తోటలేనండి, ప్రొక్లెయిన్లు పెట్టి తవ్వేశారు అన్నాడు. ఎముకలేమైనా తేలాయా అని అడగబోయి ఆగిపోయాను. ఏ చెరువు కింద ఉన్నాడో? అసలు ఉన్నాడో, ఆ మట్టితో పాటు ఎక్కడి గట్టులోకి పోయాడో? గట్టు మీద చాలాసేపు తిరిగాను. బాధకన్నా వింతగా అనిపించింది. ఒక మనిషి రెండోసారి కూడా మాయం కావచ్చని నాకు అంతకుముందు తెలియదు.

తిరిగి వచ్చేసి ఉంటే సరిపోయేది. ఆ చెరువులనే తీసి ఉంటే ఇంకా మంచి సినిమా అయ్యేదేమో కూడా. కానీ నా బుర్రలో ఒకటే షాట్ ఉంది. మూడు రాళ్లు, ఒక కర్ర, వెనక సముద్రం. ఊరికి అవతలి పక్క సరుగుడు తోట ఇంకా మిగిలి ఉంది. అక్కడికి పోయాను. ఇసుకలో రాళ్లెక్కడివి? రోడ్డు గట్టు మీంచి మూడు ఏరుకొచ్చాను. ఇసుకను మనిషి పొడవున కుప్ప చేశాను. కర్ర పాతాను. ఎండ పడమటికి వాలేదాకా ఆగి తీశాను. నా జీవితంలో అంత బాగా తీసిన షాట్ ఇంకొకటి లేదు. మూడు రాళ్లు నిజంగానే పెట్టారు కదా, నేను మళ్లొకసారి పెట్టాను, అంతే కదా అనుకున్నాను. ఆ పూట నాకు ఏ తప్పూ తోచలేదు. ఆకలి వేసింది. తోట పక్కన హోటల్లో చేపల పులుసుతో కడుపునిండా తిన్నాను.

ఆ హోటలతనే చెప్పాడు, తమ ఊళ్లో ఏటా చలికాలంలో సినిమాల పండగ జరుగుతుందని. రిటైరైన హెడ్మాస్టరొకాయన నడుపుతాడట. పెద్ద సినిమాలు కాదు, నాలాంటివాళ్లు తీసినవి. పంపించాను. తీసుకున్నారు. హెడ్మాస్టరు ఫోన్ చేసి, ఆవిడను కూడా తప్పకుండా తీసుకురండి, మా ఊళ్లోనే కదా ఆయన ఉన్నది అన్నాడు. ఉన్నది అన్నాడు. ఆ మాట దగ్గర నేను చేసింది తప్పని తోచింది. మొదటిసారి అప్పుడే.

మల్లయ్య చెప్పిన ఊరికే పోతున్నామని చిన్నమ్మకు చెప్పాను; ఆ తోట ఇప్పుడు లేదని, సినిమాలో రాళ్లు నేనే పెట్టానని దారిలో చెప్పేద్దామనుకున్నాను. జడ్చర్లలో బస్సు మారాక చెబుదాం అనుకున్నాను. హైదరాబాద్ దాటాక అనుకున్నాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఒడిలో ఒక పెద్ద సంచి పెట్టుకుని, దాటిన ప్రతి ఊళ్లో మేత ఎలా ఉందో చూసుకుంటూ వచ్చింది. సంచిలో ఏముందని నేను అడగలేదు. ఏ కొత్త చీరో, సకినాలో అనుకున్నాను. సముద్రం చూపించాక నోరు తెరిచి చూస్తుందనుకుంటే, ఇంతగనం నీళ్లుండి గొర్లు తాగనీకి రావా అని అడిగి, పనికిరాని సంసారం అన్నట్టు మొహం తిప్పుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వులో పడి చెప్పడం మరిచాను. మరిచానా? అలా అని నాకు నేను చెప్పుకుంటాను.

సినిమాలు వేసింది ఒక కల్యాణ మండపంలో. కిటికీలకు పడవల మీద కప్పే టార్పాలిన్లు కట్టి పగలే చీకటి చేశారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే చోట తెర. నాకు సొంతింట్లో ఉన్నట్టు అనిపించింది. ఊరు ఊరంతా వచ్చింది. వేటకు పోయేవాళ్లు, ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. ఎవరో తీసిన, ఎక్కడిదో తెలియని బతుకును చూడడానికి వీళ్లు ఇంత ఇష్టంగా ఎందుకు వస్తారో నాకు అంతుపట్టలేదు. మా ఊళ్లో పెళ్లి వీడియోలో కూడా ఎవరి మొహం వాళ్లే వెతుక్కుంటారు. ఇక్కడ వాళ్లు వేరేవాళ్ల మొహాలు వెతుకుతున్నారు. గొర్రె ఈనే దృశ్యం వచ్చినప్పుడు ముందు వరసలో ఒకామె చీరకొంగు నోట్లో పెట్టుకుంది.

ఆఖరి షాట్ వచ్చింది. మూడు రాళ్లు, కర్ర, వెనక సముద్రం. దీపాలు వేశాక ఒక కాలేజీ పిల్ల లేచి, ఇన్నేళ్ల తర్వాత ఆ చోటు ఎలా పట్టుకున్నారని అడిగింది. చాలా తిరిగితే దొరికింది అన్నాను. చప్పట్లు. హెడ్మాస్టరు నాకు శాలువా కప్పాడు. చిన్నమ్మ చప్పట్లు కొట్టలేదు. ఖాళీ తెర వంకే చూస్తూ కూర్చుంది. సినిమా తీసేటప్పుడు ఆఖర్న ఏముంటుందో నేను ఆమెకు చెప్పలేదు. ఆమె ఆ రాళ్లను చూడడం అదే మొదటిసారి.

జనం వెళ్లాక, మండపం మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చుంది.

"బిడ్డా, గా రాళ్లు... గదేనా జాగా?"

"గదే చిన్నమ్మా."

"నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన."

"మల్లయ్య పెట్టిన రాళ్లేనా?"

ఆమె నా మొహంలోకి చూస్తోంది. నా భుజం మీద శాలువా ఉంది. మల్లయ్య అంతకు కొద్ది నెలల ముందే పోయాడు, కాదనేవాళ్లు ఎవరూ లేరు. ఆ లెక్క ఆ క్షణంలోనే నా మనసులో నడిచింది. అదే నాకు ఎక్కువ సిగ్గు.

"ఆయన పెట్టినయే."

"మరి పొద్దుగాల తోల్కపో బిడ్డా" అని లేచింది.

పొద్దున్నే వెళ్లాం. రాళ్లు ఇసుకలో పూడిపోయి ఉంటాయని, దొరకలేదని చెప్పి తప్పించుకోవచ్చని దారిపొడుగునా ఆశపడ్డాను. కర్ర లేదు, ఇసుక కుప్ప చదునైంది. రాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. పైగా వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎవరు పెట్టారు? ఎందుకు? తోటలో రాలిన ఆకు ఊడ్చుకుపోయే ఆడవాళ్లని తర్వాతి ఏడాది తెలిసింది. రాళ్లు పెట్టి ఉన్నాయంటే కింద ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదండీ, ఊరికే ఎలా వదిలేస్తాం అంది వాళ్లలో ఒకామె. నేను చేసిన అబద్ధానికి వాళ్లు పండగపూట పసుపు రాశారు.

చిన్నమ్మ ఆ బొట్లు చూసి రెండు చేతులూ జోడించింది. పరాయి ఊరైనా నా మనిషిని చూసుకున్నరు అంది. తర్వాత సంచి విప్పింది. అందులో గొంగడి ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చు. ఆ ఒక్కటి మీరు నన్ను అడుగుతారని తెలుసు, నన్ను నేనూ అడిగినదే. ఆమె చేతులతో, ఒక కొబ్బరి చిప్పతో ఇసుక తోడుతోంది. నేను కూడా కూర్చుని తోడాను. లోతు చాలదని ఇంకా తవ్వించింది. గొంగడిని పరిచి, అంచులు సర్ది, పిల్లవాడికి కప్పినట్టు కప్పింది. రాగం తీసి ఏడ్చింది. చిన్నాయన పెళ్లిలో ఎట్లా నవ్వాడో, గొర్లను ఎట్లా పిలిచేవాడో, కొడుకు రాములు ఎంత ఎత్తు పెరిగాడో అన్నీ ఆ ఏడుపులో చెప్పింది. అక్కడ ఎవరూ లేరని తెలిసినవాడిని నేనొక్కడినే.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు ఏ గాలికీ చెప్పలేదు. ఆమె కప్పబోతుండగానే నేను కెమెరా తీశాను. ఆమె కప్పడం మొదలు సరిగా పడలేదు, నా నీడ అడ్డం వచ్చింది. మళ్లొకసారి కప్పు చిన్నమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి నా ప్రమేయం లేకుండా, పని చేసే చోట వచ్చినట్టే వచ్చింది. ఆమె గొంగడి తీసి, ఇసుక దులిపి, మళ్లీ కప్పింది. మళ్లీ ఏడ్చింది. ఆ తీసింది ఎవరికీ చూపించలేదు. చెరపనూ లేదు. ఎందుకు చెరపలేదో తెలియదు.

ఆ రోజు సాయంత్రం ఆమె ఆ ఊరి బజారులో ఒక దుప్పటి కొనుక్కుంది. ఇంటికొచ్చాక కప్పుకుని పడుకుంది. ఆ ఏడు చలికాలమంతా కప్పుకునే పడుకుంది. రాములు నాకు ఫోన్ చేసి, అన్నా, అమ్మ మంచిగ నిద్రపోతాంది అని ఏడ్చాడు. నేనేమనాలి? ఆ అబద్ధం ఒక మనిషిని ఇన్నేళ్ల చలిలోంచి లేపింది. అది మంచా? మంచైతే నాకెందుకు మింగుడు పడదు? ఎంత తిప్పి చూసినా నాకు ఒక్కటే కనబడుతుంది. ఆమె తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క వస్తువును నా మాట నమ్మి ఇసుకలో పెట్టింది.

ఆ తర్వాత కరోనా రోజులు తప్ప ప్రతి ఏడూ వెళ్లాం. ముందు తోట, తర్వాత మండపం. ఆ ఊళ్లో ఆమెకు నాకంటే ఎక్కువ మంది తెలుసు. ఎండుచేపలమ్మే ఆడవాళ్లు ముందు వరసలో కుర్చీ ఆపి పెడతారు. ఎక్కడెక్కడి సినిమాలో చూస్తుంది, భాష తెలియకపోయినా సరే. ఒక సినిమా అయ్యాక దాన్ని తీసిన కుర్రవాడిని పిలిచి, నీ కథ మంచిగనే ఉంది గని ఆ ఎద్దుకు కడుపునిండ మేత పెట్టలే నువ్వు అని కడిగిపారేసింది. వాడు తెల్లమొహం వేశాడు, నిజమే పెట్టలేదట. ఆమెను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఆ ముచ్చటలోనే ఆ మూడు రాళ్లు గుర్తొస్తాయి.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, చిన్నమ్మకు బాగాలేదు. గుండె. మహబూబ్‌నగర్ దవాఖానలో పది రోజులుంచి ఇంటికి పంపారు. మంచం పక్కన అందరం ఉండగా ఆమె ఒక కోరిక కోరింది. నేను పోతే నన్ను ఈడ పెట్టొద్దు, మీ చిన్నాయిన పక్కన పెట్టుండ్రి అంది. రాములు తల ఊపాడు. ఎంత దూరమైనా సరే తీసుకుపోతానన్నాడు. ఆ హెడ్మాస్టరు సారుతో మాట్లాడి తోటలో జాగా అడగమని నాకు అప్పజెప్పాడు. ఆమె అత్తమామలు, తల్లిదండ్రులు, మా అమ్మ, అందరూ ఉన్న మట్టి ఇక్కడ ఉంది. ఆమె దాన్ని వదులుకుని, ఎవరూ లేని ఇసుకలో ఒంటరిగా పడుకోవడానికి పోతానంటోంది. నా షాట్ కోసం.

హెడ్మాస్టరు నంబరు ఇంతవరకు నొక్కలేదు. చెప్పాల్సింది రాములుకా, ఆమెకా? రాములుకు చెబితే వాడు కొడతాడు, అదే నాకు సుఖం. కానీ గొంగడి వాడిది కాదు. ఆమెకే చెప్పాలి. చెబితే ఆ గుండె ఆగుతుందేమోనన్న భయం ఉంది. ఆ భయం వెనక దాక్కుంటున్నానన్న అనుమానమూ ఉంది.

నిన్న తలుపు వేసుకుని, స్టూడియోలో ఒక్కడినే కూర్చుని ఆ వాక్యం పైకి అన్నాను. చిన్నమ్మా, ఆడ చిన్నాయిన లేడు, ఆ రాళ్లు నేనే పెట్టిన. ఇన్నేళ్లలో అది నా గొంతుతో నేను వినడం అదే మొదటిసారి. ఆమె ఏడవదు. తిట్టదు కూడా. ఆమె సంగతి నాకు తెలుసు. ఒక్కటే అడుగుతుంది.

"మరి నాతోని ఎవలకు కప్పిపిచ్చినవ్ బిడ్డా?"

ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం కిందిదాకా పోతోంది. తేలికపడింది నేనే, ఆమె కాదు. ఆ సంగతి తెలిసే ఈ కాగితం ముగిస్తున్నాను. చిన్నమ్మ వాళ్లిల్లు రెండు వీధుల అవతలే. ఆమె ఈపాటికి మేలుకునే ఉంటుంది.